చత్వారం అనుకుని రెటీనాను వదిలేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

నలభై దాటినవాళ్లకు దగ్గరి అక్షరాలు అలుక్కుపోతే మన దగ్గర ముందు వచ్చే మాట చత్వారం. బస్టాండు ముందు బండి మీద రెడీమేడ్ అద్దాలు వేలాడుతుంటాయి. నాలుగు జతలు పెట్టి చూసుకుని, పేపరు కనిపించిన జత కొనుక్కుని వెళ్లిపోతారు. చాలామందికి అది నిజంగా చత్వారమే. కానీ షుగరు ఉన్న మనిషికి అదే మసక కంటి వెనుక పొరలో, అంటే రెటీనాలో, నీరు చేరడం వల్ల కూడా రావచ్చు. దాన్ని ఏ అద్దమూ ఆపదు. డయాబెటిక్ రెటినోపతీ అనే ఈ జబ్బు పనిచేసే వయసువాళ్లకు చూపు పోవడానికి ప్రపంచమంతటా ఉన్న ముఖ్య కారణాల్లో ఒకటి. ఇది ఎవరికి ముందు వస్తుంది, ఎవరికి వేగంగా ముదురుతుంది అన్నది వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

2019 అక్టోబరు 10న అనంతపురంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు మొదలైనప్పుడు ముందుగా బడిపిల్లల కళ్లు చూశారు. 2020 ఫిబ్రవరి 18న కర్నూలులో మొదలైన దశ 60 దాటిన అవ్వాతాతలది. రెండూ అవసరమైన పనులే. ఆ రెంటి నడుమ మిగిలిపోయింది 30 నుంచి 60 ఏళ్లవాళ్లు. ఆదోని జిన్నింగు మిల్లులో, బేతంచెర్ల బండల పాలిషు దగ్గర, ఎర్రగుంట్ల సిమెంటు లారీ స్టీరింగు మీద, ధర్మవరం మగ్గం గుంతలో ఉన్నది వీళ్లే. ఇల్లు గడిచేది వీళ్ల చూపు మీదే. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. 2022లో ప్రచురితమైన మరో జాతీయ అధ్యయనంలో, 40 దాటిన షుగరు రోగుల్లో 100కి 12 మందికి పైగా రెటినోపతీ కనిపించింది. చూపును పోగొట్టేంత ముదిరిన దశలో ఉన్నవాళ్లు 100కి నలుగురు.

జబ్బు నడిచే తీరు తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. కర్నూలు-కడప (కేసీ) కాలువనే తీసుకోండి. లైనింగు చెడితే రెండు నష్టాలు. కట్ట పక్క పొలంలోకి ఊట దిగుతుంది, చివరి ఆయకట్టుకు నీళ్లు చేరవు. రెటీనాలో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలకూ ఇదే గతి పడుతుంది. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉన్న రక్తం పారితే వాటి గోడలు వదులై, అక్కడక్కడ చిన్న బుడిపెల్లా ఉబ్బుతాయి. వాటి నుంచి నీరు, కొవ్వు ఊరి, చూపుకు నడిబొడ్డయిన మాక్యులాలో చేరితే అక్షరాలు, సూదిబెజ్జం, మనిషి ముఖం మసకబారతాయి. మరోవైపు కొన్ని నాళాలు మూసుకుపోయి ఆ మేర పొరకు ఆక్సిజన్ అందదు. కాలువ నీళ్లు రాని రైతు అప్పు చేసి బోరు వేసినట్టు, ఆ ఎండిన భాగం వీఈజీఎఫ్ అనే రసాయనాన్ని వదిలి కొత్త నాళాలను పుట్టిస్తుంది. అవి పెళుసుగా ఉంటాయి. తెగితే కన్నంతా రక్తం. మాక్యులా బాగున్నంత కాలం, లోపల ఇదంతా జరుగుతున్నా కంటి పరీక్ష బోర్డు మీది చివరి వరుస వరకు చదవగలరు. 6/6 చూపు ఉందన్న చీటీ రెటీనా బాగుందనడానికి రుజువు కాదు. మేము చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ఇక ముప్పు పెంచేవి. మొదటిది షుగరు వచ్చి ఎన్నేళ్లయిందన్నది. దాన్ని మార్చుకోలేం, కానీ లెక్క పెట్టుకోగలం. పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే టైప్ 2 షుగరు ఉన్నవాళ్లలో 20 ఏళ్లకు సగానికి పైగా మందికి ఏదో ఒక స్థాయిలో రెటినోపతీ ఉంటుందని అమెరికాలో విస్కాన్సిన్‌లో ఏళ్ల తరబడి చేసిన అధ్యయనం చూపింది. వెనుకటికి షుగరు ఎక్కువగా పెద్దవయసులో వచ్చేది, ఇప్పుడు కొందరికి 32కే బయటపడుతోంది. 32లో మొదలైనవారికి 20 ఏళ్లు నిండేది 52లో. అప్పటికి పిల్లల చదువులూ పెళ్లిళ్లూ ఇంకా మిగిలే ఉంటాయి. పైగా టైప్ 2 షుగరు బయటపడిన రోజే మొదలైనది కాదు, అంతకు కొన్నేళ్ల ముందు నుంచే లోపల ఉంటుంది. అందుకే షుగరు తేలిన నెలలోనే రెటీనా పరీక్ష చేయించుకోవాలి. చిన్నవయసులో ఇన్సులిన్‌తోనే మొదలయ్యే టైప్ 1కు మాత్రం షుగరు వచ్చిన ఐదేళ్ల లోపు మొదటి పరీక్ష చాలు.

రెండోది హెచ్‌బీఏ1సీ, అంటే రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చెప్పే పరీక్ష. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రెండు రోజులు అన్నం మానేసి సంగటి ముద్ద తగ్గించుకుంటే పరగడుపు షుగరు 110 చూపిస్తుంది, మనిషి సంతోషంగా ఇంటికి వస్తాడు. హెచ్‌బీఏ1సీ దగ్గర ఆ ఉపాయం పనిచేయదు. ఎక్కువమందికి 7 శాతం లోపు లక్ష్యం. 1993లో ముగిసిన డీసీసీటీ అనే పెద్ద పరిశోధనలో, టైప్ 1 రోగులు షుగరును గట్టిగా అదుపు చేసుకుంటే కొత్తగా రెటినోపతీ వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. ఇక్కడ ఒక జాగ్రత్త. రక్తహీనత ఉంటే ఈ అంకె తప్పు దారి పట్టించవచ్చు. ఇనుము లోపం ఉంటే అసలు కన్నా ఎక్కువగా, రక్తం ఎక్కువగా పోయినా డయాలసిస్‌లో ఉన్నా తక్కువగా చూపవచ్చు. హెచ్‌బీఏ1సీ పక్కన హిమోగ్లోబిన్ అంకె కూడా రాసి ఉండాలనేది అందుకే.

మూడోది బీపీ. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాం, ఎందుకంటే షుగరు రోగి ఇంట్లో మాటలన్నీ తీపి చుట్టూనే తిరుగుతాయి, బీపీ ఊసు రాదు. బ్రిటన్‌లో టైప్ 2 షుగరు రోగుల మీద జరిగిన యూకేపీడీఎస్ అనే పరిశోధన బీపీ ఫలితాలు 1998లో వచ్చాయి. సగటు బీపీని 154/87 దగ్గర వదిలేసినవాళ్లతో పోలిస్తే, 144/82కు తెచ్చినవాళ్లలో రెటినోపతీ ముదరడం 34 శాతం, చార్టులో మూడు వరుసల మేర చూపు తగ్గడం 47 శాతం తగ్గాయి. పది పాయింట్ల తేడాకే ఇంత ఫలితం. ఇప్పుడు షుగరు ఉన్నవాళ్లకు చాలావరకు 130/80 లోపు ఉండాలంటున్నారు. మన దగ్గర జరిగే పొరపాటు ఒకటే. మాత్ర వేసుకుంటే బీపీ 128 వస్తుంది, తగ్గిపోయిందని మాత్ర ఆపేస్తారు. తగ్గింది మాత్ర వల్లే. ఆపిన కొన్నాళ్లకు మళ్లీ 160కి పోతుంది, తలనొప్పి కూడా రాకపోవచ్చు. కొలిచే పద్ధతీ ముఖ్యమే. టీ, బీడీ ముట్టి అరగంట దాటాలి, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, కాళ్లు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, పట్టీ చొక్కా చేతి మీద కాకుండా చర్మం మీద చుట్టాలి. మెట్లెక్కి వచ్చి, నిలబడి, ఫోను మాట్లాడుతూ కొలిపించుకున్న అంకెకు విలువ లేదు.

నాలుగోది కిడ్నీ. కిడ్నీ వడపోత నాళాలూ రెటీనా నాళాలూ ఒకే చేటుకు గురవుతాయి. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందంటే, అంటే క్రియాటినిన్‌తో కలిపి చూసే నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటిందంటే, కంటి డాక్టరు కూడా ఆ కాగితం చూడాలి. కిడ్నీ దెబ్బతిన్నకొద్దీ ఒంట్లో నీరు నిలిచి, బీపీ పెరిగి, మాక్యులా వాపు కూడా హెచ్చవచ్చు. కళ్లంలో, మిల్లులో నడుం వంచి పనిచేసేవాళ్లు మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు నెలల తరబడి వాడితే కిడ్నీకి హాని, బీపీకి హాని. షుగరు ఉందని చెప్పకుండా వాటిని కొనొద్దు.

రక్తహీనత గురించి పైన ఒక కోణం చెప్పాం. అది నేరుగా కూడా చేటే. నాళాలు మూసుకుపోయి ఆక్సిజన్‌కు అలమటించే పొరకు, వచ్చే రక్తమూ పలచనైతే ఇబ్బంది రెట్టింపు. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి ఇది మన ఆడవాళ్ల కంటి సమస్య కూడా. గర్భం ధరించకముందే షుగరు ఉన్నవాళ్లు బిడ్డ కావాలనుకున్నప్పుడే రెటీనా చూపించుకోవాలి. ఆ తర్వాత మొదటి మూడు నెలల్లో ఒకసారి, మిగతా నెలల్లో డాక్టరు చెప్పినట్టు, కాన్పయ్యాక ఏడాది వరకు జాగ్రత్తగా ఉండాలి. గర్భంలో జబ్బు కొందరికి వేగంగా ముదురుతుంది. కేవలం గర్భంలోనే వచ్చి పోయే షుగరుకు ఈ భయం లేదు.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. ఏళ్ల తరబడి 12 దగ్గరున్న హెచ్‌బీఏ1సీని మూడు నెలల్లో 7కు దించితే, అప్పటికే రెటినోపతీ ఉన్న కొందరిలో మొదటి ఏడాదిలో కన్ను ఇంకా చెడుతుంది. కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టినప్పుడు, వారానికోసారి పొడిచే బరువు తగ్గించే ఇంజెక్షన్లతో షుగరు దబ్బున పడినప్పుడు ఇది కనిపిస్తుంది. అంతమాత్రాన ఇన్సులిన్ కళ్లు పోగొడుతుందని అనుకోవద్దు. ఆ అపోహ వల్ల జరుగుతున్న నష్టం అంతా ఇంతా కాదు. కొన్నేళ్లలో లాభం ఖాయంగా అదుపులో ఉంచుకున్నవాళ్లదే. చేయాల్సిందల్లా మందు మార్చే ముందు రెటీనా చూపించుకోవడం, జబ్బు ఉంటే ఆ ఏడాది మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ చూపించుకోవడం. అలాగే మాక్యులాలో వాపు ఉన్నవాళ్లు పయోగ్లిటజోన్ అనే మాత్ర వాడుతుంటే ఆ సంగతి షుగరు డాక్టరుకు చెప్పాలి. అది ఒంట్లో నీరు నిలుపుతుంది.

కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు, పొగ, లావు ఇవి తెలిసినవే. గట్టిగా గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగి, పగలు స్టీరింగు మీద కునికే లారీ డ్రైవర్లు మాత్రం నిద్ర పరీక్ష చేయించుకోవాలి. రాత్రంతా ఆక్సిజన్ పడిపోవడం రెటీనాకూ మంచిది కాదు.

పనిని బట్టి వచ్చే ముప్పు పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి (వలస పనికి) గుంటూరు మిరప కోతలకు పోయేవాళ్లకు నెలా రెండు నెలలు మాత్రలు తెగిపోతాయి. ఆధార్, షుగరు పుస్తకంతో పాటు పోయేముందే అరవై రోజుల మాత్రలు అడిగి తీసుకోవాలి. ఇన్సులిన్ వాడేవాళ్లది వేరే చిక్కు. వాడుతున్న సీసా మామూలుగా 30 డిగ్రీల లోపు ఉంటే సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. కంపెనీ కాగితంలో ఉన్న హద్దు చూసుకోవాలి. మే నెల కర్నూలులో రేకుల షెడ్డుకూ లారీ క్యాబిన్‌కూ ఆ హద్దు ఎక్కడ కుదురుతుంది? ఎండకు ఉడికిన ఇన్సులిన్ శక్తి పోతుంది. సూది వేస్తూనే ఉంటారు, షుగరు 300 దిగదు. ఫ్రిజ్ లేకపోతే పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, లోపల చిన్న కుండ పెట్టి, ఇన్సులిన్‌ను ప్లాస్టిక్ డబ్బాలో మూసి అందులో ఉంచి, పైన తడి గుడ్డ కప్పి నీడలో పెట్టాలి. ఇసుక ఆరకుండా పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లాలి. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టండి. గడ్డకట్టిన సీసా పారేయాల్సిందే.

పరీక్ష గురించి. కనుపాప పెద్దది చేసే చుక్కలు వేసి చూడాలి, లేదా రెటీనా ఫొటో తీయాలి. చుక్కలు పనిచేయడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు దగ్గరి చూపు మసకగా, వెలుతురు భరించలేనట్టుగా ఉంటుంది. బండి నడపొద్దు, తోడు ఒకరు రావాలి, నల్లద్దాలు తెచ్చుకోవాలి. బీపీ ఎక్కువగా ఉన్నా, గుండె జబ్బు ఉన్నా, గ్లకోమా (నీటికాసులు) ఉందని ఎవరైనా చెప్పి ఉన్నా చుక్కలకు ముందే చెప్పండి, చుక్కల మందు మారుస్తారు. బయటికి వచ్చేముందు చీటీలో మూడు సంగతులు ఉన్నాయా చూసుకోండి: కుడికన్ను, ఎడమకన్ను ఏ దశలో ఉన్నాయి, మాక్యులాలో వాపు ఉందా లేదా, మళ్లీ ఎప్పుడు రావాలి. ఏమీ లేకపోతే ఏడాదికి, తొలి దశైతే ఆరు నెలల నుంచి ఏడాదికి, మధ్య దశైతే మూడు నుంచి ఆరు నెలలకు. తీవ్ర దశలో ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఏడాదిలోపే కొత్త నాళాలు పుడతాయి. వాళ్లు మూడు నెలలు కూడా ఆగకూడదు.

అద్దాల విషయం. షుగరు 350 ఉన్న వారంలో అద్దాల నంబరు తీయించుకోవద్దు. చక్కెర హెచ్చుతగ్గులతో కంటి లోపలి లెన్సు ఉబ్బి తగ్గుతుంటుంది, నంబరు మారిపోతుంది. నాలుగు వారాలు షుగరు నిలకడగా ఉన్నాక తీయించుకుంటే డబ్బు వృథా కాదు.

ఇంట్లో చేసుకోదగ్గ పని ఒకటుంది. పిల్లల లెక్కల గళ్ల పుస్తకంలో పేజీ నడుమ ఒక చుక్క పెట్టండి. దగ్గరి అద్దాలు పెట్టుకుని, చదివే దూరంలో పట్టుకుని, ఒక కన్ను అరచేత్తో పూర్తిగా మూసి చుక్కనే చూడండి. గళ్ల గీతలు వంకరపోయినా, నడుమ మచ్చలా కనిపించినా ఆ కన్ను చూపించుకోవాలి. రెండో కన్ను మూసి మళ్లీ చూడండి. రెండు కళ్లూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పేస్తుంది. మగ్గం మీద ఒక కన్ను మసకేసినా పడుగు పోగులు కనిపిస్తూనే ఉండటానికి కారణం అదే. ఇది సరిగా ఉందని ఏడాది పరీక్ష మానొద్దు. ఇది మాక్యులాను మాత్రమే చెబుతుంది.

ఉన్నట్టుండి కంటి ముందు నల్ల చీమల్లాంటివి, సాలెగూడు, ఎర్రటి పొగ, తెర దిగినట్టు కనిపిస్తే అది ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన సంగతి. వెల్లకిలా పడుకోకుండా తల కింద రెండు మూడు దిండ్లు పెట్టుకోవాలి. బరువులు ఎత్తొద్దు.

చికిత్సలో మధ్యలో వదిలేయడమే ఎక్కువ నష్టం చేస్తోంది. కొత్త నాళాలకు వేసే లేజర్ పోయిన చూపును తేదు, మిగిలిన దాన్ని కాపాడుతుంది. 1200 నుంచి 1600 లేజర్ మచ్చలు, రెండు మూడు విడతలుగా వేస్తారు. మొదటి విడత తర్వాత చూపు పెరగలేదని రెండోదానికి రానివాళ్లు ఎందరో. మాక్యులా వాపుకు కంటిలో ఇచ్చే ఇంజెక్షన్లు మొదట్లో నెలకొకటి చొప్పున కొన్ని పడతాయి. రెండింటితో చూపు తేటపడిందని మానేస్తే వాపు తిరిగి వస్తుంది. ఇంజెక్షన్ తర్వాత రోజులు గడిచేకొద్దీ నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గితే ఇన్ఫెక్షన్ కావచ్చు. తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అదే రోజు వెళ్లాలి.

షుగరు లేకపోయినా 30 నుంచి 50 ఏళ్ల మగవాళ్లలో ఎక్కువగా కనిపించే రెటీనా జబ్బు మరొకటి ఉంది. రెటీనా కింద నీరు బుడగలా చేరుతుంది, నడుమ బూడిద రంగు మచ్చ కనిపిస్తుంది. దీనికి తెలిసిన ముఖ్య కారణం స్టెరాయిడ్లు. మాత్రలే కాదు, ముక్కులో కొట్టుకునే స్ప్రేలు, తామరకు రాసే క్రీములు, మోకాలి ఇంజెక్షన్లు, ఏముందో రాయకుండా పొట్లం కట్టి ఇచ్చే నొప్పుల పొడులు కూడా. అవే స్టెరాయిడ్లు షుగరునూ పెంచుతాయి. కంటి డాక్టరుకు మీరు వాడేవన్నీ సంచిలో వేసుకెళ్లి చూపించండి.

అధికారులకు మా వినతి చిన్నదే. బీపీ, షుగరు మాత్రలు ఇచ్చే 104 వాహనం ఊరికి వచ్చే రోజున చుక్కలు అవసరం లేని రెటీనా కెమెరా ఒకటి తోడు పంపవచ్చు. ఫొటో తీయడం శిక్షణ పొందిన నర్సు చేయగలరు, దాన్ని జిల్లా కేంద్రంలో కూర్చున్న డాక్టరు చూడగలరు. ఫొటో మసకగా వచ్చినవాళ్లను మాత్రం చుక్కల పరీక్షకు పంపాలి, శుక్లం ఉంటే ఫొటో తేటగా రాదు. లారీ లైసెన్సు కోసం ఇచ్చే ఫారం 1ఏ ధ్రువపత్రంలో దూరపు చూపు, ఎరుపు-ఆకుపచ్చ గుర్తింపు, రేచీకటి అడుగుతారు. షుగరు ఉన్న డ్రైవరుకు రెటీనా చూసిన తేదీ కూడా అందులో అడగాలి. మిల్లుల, క్వారీల యజమానులు ఏడాదికి ఒక పూట జీతం కోయకుండా సెలవిస్తే చుక్కల పరీక్షకు సరిపోతుంది. షుగరు పుస్తకంలో పరగడుపు, తిన్నాక, బీపీ అని గడులు ఉన్నట్టే 'రెటీనా చూసిన తేదీ' అని ఒక గడి అచ్చు వేయించాలి. అది అచ్చయ్యే వరకు పుస్తకం అట్ట లోపల పెన్నుతో మీరే గీసుకుని, పోయిన పరీక్ష తేదీ రాసుకోండి. తేదీ గుర్తు రాకపోతే ఈ వారమే వెళ్లండి.

ఇట్లు,
కంటి పరీక్షల విభాగాల్లో పనిచేస్తున్న కొందరు ఆప్టోమెట్రిస్టులు, ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్లు,
కర్నూలు